సప్పుడు లేని బండి

మా లైన్ల ఎవరికి పిల్ల పుట్టినా ఇప్పుడు నన్ను పిలువరు. పోతే నేనేమంటనో వాళ్లకు ఎరుకే. నోరు జర పెద్దదే నాది, ఎవరేమనుకుంటరో అని ఆగేది కాదు. అందుకే నోటితోని చెప్పుడు చాలించి కాయితం పట్టిన. ఏడో తరగతి దాంక సదివిన, అచ్చరాలు వంకర పోతే పోనియ్. రాస్తే నా గుండె జర నిమ్మళమైతదేమో. ఎవరన్న తల్లి సదివి తన పిల్లను కింద నేల మీద దించితే అది ఇంకా మంచిది.

నా బిడ్డ జయ పక్కన్నే పండుకున్నది. మందు ఏసిన, పొద్దు వంగేదాంక లేవది.

పందొమ్మిది వందల డెబ్బై మూడు, చలి తగ్గేటప్పుడు

మాది నల్లగండ్ల. పెండ్లయినంక బాలానగర్ వచ్చిన. మా ఆయన మల్లేశం మిషన్లు తయారు చేసే ఫ్యాక్టరీల ఫిట్టరు. ఫ్యాక్టరీ ఎనుక వరుసగ కట్టిన కిరాయి రూములల్ల ఉంటం, దాన్నే లైన్ అంటం. ముందట ఒక అర్ర, ఎనుక వంట అర్ర, తలుపు బయట చిన్న అరుగు, మూడు మెట్లు దిగితే షాబాద్ బండలు పరిచిన వాకిలి.

లైన్ల మొగోళ్లంతా షిఫ్టులోళ్లే. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి డ్యూటీ చేసినోడు పొద్దుగాల వచ్చి ఇంత తిని పండుకుంటడు. ఆయన కన్ను మూసిండంటే ఇగ ఇంట్ల చెంచా కూడా మోగొద్దు. నిద్ర సాలకపోతే మిషన్ల చెయ్యి పోతది. అది మా ఆడోళ్లందరి భయం, ఉత్త భయం కాదు, లైన్ల ఒకాయనకు వేళ్లు పోయినయ్. అందుకే గిన్నెలు దించేటప్పుడు కింద గుడ్డ పరుస్తం. పక్కింటోళ్లతోని సైగలతోనే మాట్లాడుతం. పిల్ల ఏడ్చిందంటే ఎత్తుకొని బయటికి ఉరుకుడే. కొత్త కోడలు వస్తే మేం మొదట నేర్పే పని వంట కాదు, సప్పుడు చేయకుండ బతుకుడు.

జయ కూసునుడు నేర్సినంక మా అన్న ఊరి నుంచి కట్టె బండి పట్టుకొచ్చిండు. మూడు చక్రాలది, పిల్లలు నిలబడి తోసుకుంట నడిచేది. కదిలిస్తే కిర్రుమంటది. ముందు ముందు పనికొస్తదని మా అన్న సంబురంగ తోసి చూపెడితే మా ఆయన నిద్రల నుంచి లేచి కూసున్నడు. బండి అటకెక్కింది.

ఆ నెలలనే మా ఆయన ఆబిడ్స్ పోయి ఒక దుకాణం అద్దంల చక్రాల మీద పిల్లలు తిరిగే వాకరు చూసొచ్చిండు. చూసిండంటే చాలు, ఇగ ఆయన చేతులు ఊకుంటయా! ఇనుప పైపు గుండ్రంగ వంచిండు. నడుమ కాన్వాసు గుడ్డ సీటు, కాళ్లకు రెండు బొక్కలు. ఆ గుడ్డ కుట్టింది పక్కింటి కృష్ణవేణక్క. వాళ్లు గుడివాడ దిక్కు నుంచి వచ్చినోళ్లు, ఆమె దర్జీలకు కాజాలు కుట్టి ఇస్తది. మంచి మనిషి. ఆ మాట ముందే చెప్తున్న, ఎనుక నేనేమన్నా మీరు ఆమెను తప్పు పట్టకున్రి.

చక్రాలకు ఫ్యాక్టరీల పక్కన పడేసిన బేరింగులు అడిగి తెచ్చుకున్నడు. కిరోసిన్‌ల కడిగి గ్రీజు పెట్టిండు. వేలుతోని తోస్తే ఈ మూల సంది ఆ మూలకు పోయేది.

“ఇనుడే, ఏమన్న సప్పుడు వస్తుందా?” అన్నడు.

“అసలు కదిలిందా?” అన్న.

“అదీ పనంటే! నా నిద్ర నాది, నా బిడ్డ ఆట నా బిడ్డది.”

జయ అండ్ల ఎట్ల నవ్వేది, అబ్బ! రెండు చేతులు పైకి లేపి, కాలివేళ్ల కొసలతోని నేలను తన్నుకుంట అర్రంతా తిరిగేది. లైనంతా చూడనీకొచ్చింది. తోటోళ్లు “మాకూ చెయ్ మల్లేశన్నా” అని ఎంటపడ్డరు. ఆదివారం ఆదివారం కూసోని చేసిచ్చిండు. కడుపుతోని ఉన్న కృష్ణవేణక్కకు కూడ ముందుగాలనే ఒకటి చేసి పెట్టిండు.

కిందికి దించితే మాత్రం జయకు ఏడుపే. బోర్ల ఏస్తే మొఖం నేలకు ఆనించి కెవ్వుమనేది, చేతులు ముందుకు పెట్టేది కాదు. ఏడుపంటే మా లైన్ల ఎంత పరేషానో చెప్పిన గదా, ఎంటనే మల్ల వాకర్లనే ఏసేటిదాన్ని. మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడల్ల అరుగు మీద కూసోని అందరికీ చెప్పేది, “మా పిల్లకు పాకుడు గీకుడు ఏం లేదు, సక్కగ నడుసుడే” అని. మేమంతా మురిసినం.

డెబ్బై మూడు, ఎండలు

మే నెల. రాత్రి డ్యూటీ వారం. మా ఆయన ముందటి అర్రల పండుకున్నడు. ఉక్కపోతకు తలుపు తీసే ఉంచినం, గడపకాడ పీట అడ్డం పెట్టిన. నేను వంట అర్రల చాటల బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతున్న. జయ నా ఎనుకనే వాకర్ల తిరుగుతున్నది.

నేను దాంతోని మెల్లగ గుసగుసగ మాట్లాడుతున్న. నాయిన లేస్తడు, లొల్లి చేయకు బిడ్డా, జరసేపైతే పప్పు బువ్వ పెడత, తింటవా, నెయ్యేసి కలుపుదునా. ఇట్ల ఏదో ఒకటి. చెయ్యి బియ్యంల, మాట దాంతోని. నేను ఎనుకకు తిరగలె. తిరిగే పని ఏముంది, అది ఆడనే ఉన్నదనుకున్న. నెయ్యి ముచ్చట చెప్తున్నప్పుడే అది ఆడ లేదు. నేను ఉత్త గోడతోని మాట్లాడుతున్న.

నాకు ఇనిపించింది కృష్ణవేణక్క కేక.

ఉరికిన. ఇనుప రింగు గుద్దుకుంటే కట్టె పీట ఏం ఆగుతది, పక్కకు జరిగి ఉన్నది. మెట్ల కింద బండల మీద జయ తల, దాని మీద వాకరు. అది ఏడ్వలె. ఎన్నడు ఏడ్చినా “ఊకో ఊకో” అని నోరు మూసే నేను, ఆ పొద్దు “ఏడువే, ఒక్కసారి ఏడువే” అని దాని చెంపలు కొట్టిన.

కృష్ణవేణక్కకు ఏడో నెల. ఆ కడుపుతోని బండల మీద కూలబడి నా బిడ్డ తలను ఒళ్లె పెట్టుకొని కొంగుతోని అదిమి పట్టింది. “ఎవరైనా బండి పిలవండి బాబూ! సుగుణా, నువ్వలా కూర్చోకు, లే! లేవమంటున్నానా!” అని నన్ను తిట్టింది. మా ఆయన నిద్రమొఖంతోని బయటికొచ్చి “ఏమైంది, ఏమైంది” అంటుండు తప్ప మెట్టు దిగుతలేడు.

ఎవరో ఉరికి ఫ్యాక్టరీ వ్యాను తెచ్చిన్రు. తొవ్వల జయ రెండుసార్లు కక్కింది. ఆ తర్వాత దాని కుడి చెయ్యి కొట్టుకునుడు మొదలైంది. అది మెలకువ వచ్చుడేమో అనుకొని “లేస్తున్నది, లేస్తున్నది” అన్న నేను. అది ఫిట్స్ అని దవాఖానల చెప్పిన్రు.

పెద్ద దవాఖాన

తల గొరిగి ఆపరేషన్ చేసిన్రు. లోపట ఏం చేసిన్రో నాకు తెల్వది, తెలుసుకోను కూడ. కట్టు కట్టిన ఆ చిన్న తల చూస్తే నా బిడ్డ అనిపియ్యలె. పిలిస్తే పలకది. కండ్లు తెరిస్తది, ఎటో చూస్తది, మల్ల మూస్తది.

తల్లులను లోపటికి పిలిచేదాంక వరండల కూసోవాలె. ఆ వరండ నేల, ఆ ఫినాయిల్ వాసన, తలుపు తెరుచుకున్నప్పుడల్ల అందరం ఒక్కసారే లేసుడు, పేరు మనది కాకపోతే మల్ల కూసునుడు. ఎవరి పేరు పిలిచినా భయమే. మంచికి పిలుస్తున్నరో చెడ్డకు పిలుస్తున్నరో మొఖం చూసి కనిపెట్టాలె.

ఆడ ఎల్లమ్మ అనే ఆమె పరిచయమైంది. మెదక్ దిక్కు. ఆమె కొడుకు మెదడు జ్వరంతోని జయ పక్క మంచంల ఉండె. నాకు చాప లేదని తన చాప సగం జరిపింది. జొన్నరొట్టె తుంచి నా చేతుల పెట్టి, “తిను. నువ్వు పడిపోతే ఆ పిల్లను ఎవరు చూస్తరు” అన్నది. తన కొడుకు గురించి ఒక్క మాట అడిగినా మాట మార్చేది. ఒకనాడు పొద్దుగాల నేను నల్లకాడికి పోయి మొఖం కడుక్కొని వచ్చేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నరు. ఎల్లమ్మ లేదు. చాప మాత్రం మడిచి నా సంచి మీద పెట్టిపోయింది. ఆ పిలగాని పేరు నాకు ఇప్పటికీ తెల్వది.

మా అత్తమ్మ తాయత్తు పట్టుకొని వచ్చింది. వచ్చుడు వచ్చుడే అందరి ముందట, “కండ్లు యాడ పెట్టినవే? ఒక్క పిల్లను సూసుకోరాదా?” అన్నది.

“బియ్యంల పెట్టిన అత్తమ్మా! మీ కొడుకు లేచినంక తినాలె గదా!”

ఆమె నోరు మూతపడ్డది. నాది పడలె. టిఫిన్ క్యారేజీ పట్టుకొని నిలబడ్డ మా ఆయన మీదికి తిరిగిన. “నీ నిద్ర సల్లగుండ! నా బిడ్డ ఇంట్ల ఉన్నదో బయట ఉన్నదో నాకు ఇనిపియ్యకుండ చేసినవ్ గదయ్యా! ఎంత మంచి పనిమంతునివి!” అని అన్న. ఇంకా చాన అన్న. ఆయన క్యారేజీ కింద పెట్టి, గోడకు ఒరిగి, రెండు చేతులను తిప్పి తిప్పి చూసుకుంట నిలబడ్డడు. ఆ పొద్దు ఆయన కొట్టినా బాగుండు అనిపించింది నాకు.

పంపించే ముందట డాక్టరమ్మ జయ కాళ్లు చేతులు వంచి చూసింది. కుడి పక్క పడిపోయింది, చెయ్యి మడతపడి రొమ్ముకు అంటుకొని ఉంటది. డాక్టరమ్మ నన్ను అడిగింది, “ఇదివరకు పాప పాకేదా?”

“లేదమ్మా, వాకర్ల నడిచేది” అన్న. ఎప్పుడూ చెప్పే మాట, అట్లనే వచ్చింది.

“నడవలేదమ్మా. వాకరు నడిచింది, పాప అందులో వేలాడింది.” ఆమెకు కోపమొచ్చిందో, అలసిపోయి ఉన్నదో. “పిల్లలు నేల మీద దొర్లాలి, పాకాలి, పడాలి. నడుముకీ చేతులకీ బలం అక్కడే వస్తుంది. పడేటప్పుడు చెయ్యి ఆన్చడం కూడా అక్కడే నేర్చుకుంటారు. మీ పాపకి ఆ అవకాశమే రాలేదు. ఇప్పుడు కుడి పక్క ఇలా అయింది కాబట్టి ఎన్నడూ రానిది మొదటి నుంచీ నేర్పాలి.”

“నడుస్తదా అమ్మా?”

“ముందు పాకనివ్వండి. పాకితే నాకు నమ్మకం కలుగుతుంది. పాకకపోతే ఇప్పుడే ఏమీ చెప్పలేను.”

అప్పటిసంది మా ఇంట్ల వేరే మాట లేదు. పాకుతదా, పాకదా.

డెబ్బై మూడు, వానలు

ఇంటికి తెచ్చినం. మందు తప్పితే ఫిట్స్, మందు వేస్తే మత్తు. దవాఖానల చూపెట్టినట్టు పొద్దుగాల, మాపు కాళ్లు చేతులు వంచాలె. వంచితే ఏడుస్తది. ఏడ్వనియ్యాలె. లైన్ల ఎవరు పండుకున్నరు, ఎవరు లేసిన్రు అని నేను చూసుడు బందైంది. జయను ఎల్లమ్మ చాప మీద బోర్ల పండబెట్టి, ముందట చెంచానో గిలక్కాయనో పెట్టి పిలుస్తుంటి. మొఖం చాపల పెట్టి ఏడ్చుడే తప్ప ఎడమ చెయ్యి కూడ ముందుకు రాకపోయేది. చూసి చూసి ఎత్తుకునేటిదాన్ని. ఎత్తుకున్నందుకు మల్ల నన్ను నేను తిట్టుకునేటిదాన్ని.

మా ఆయనకు పగటి నిద్ర పోయింది. డ్యూటీ చేసొచ్చి పండుకుంటడు, కండ్లు పైకప్పు మీదనే ఉంటయ్. సప్పుడు చేస్తే భయం, చేయకపోతే ఇంకా భయం. “జయ యాడున్నది?” అంటడు. “నీ పక్కన్నే ఉన్నది” అంట. మల్ల జరసేపటికి అదే మాట. మాకు ఇద్దరికి అంతకంటే మాటలు లేవు.

ఒకనాడు హాక్సా బ్లేడు తీసుకొని మా వాకరును ముక్కలు ముక్కలు కోసిండు. ఆ తెల్లారి లైన్ల తను చేసిచ్చిన వాకర్లన్ని అడగనీకి పోయిండు. చేసిచ్చిన వస్తువు మల్ల అడుగుడు ఎంత సిగ్గో! ఒకిద్దరు ఇచ్చిన్రు. ఒకాయన నవ్వి, “మాకు మెట్లకు అడ్డం ఇనుప జాలీ తడిక ఉన్నది మల్లేశన్నా, ఫికర్ చేయకు” అన్నడు. ఇంకొకామె తలుపు సందుల నుంచే, “మేం మంచిగ చూసుకుంటం” అన్నది. అంటే మేం చూసుకోలేదన్నట్టు. ఆ మాట ఇని నేను బయటికి పోయి కొట్లాడుదునా అంటే నా బిడ్డ కుడి చెయ్యే నా ముందట ఉన్నది, ఏం మొఖం పెట్టుకొని కొట్లాడాలె.

ఆ వానల్లనే కృష్ణవేణక్కకు కొడుకు పుట్టిండు. బాబ్జీ. చలికాలం దాటేసరికి వానికి కూసునుడు వచ్చింది. గోడకు తగిలిచ్చిన వాకరు కిందికి దిగింది.

మా ఆయన పోయి అడిగిండు. ఆమె కండ్లనీళ్లు పెట్టుకున్నది గని ఇయ్యలె. “మల్లేశం గారూ, మీ బాధ నాకు తెలియదా అండి? ఆ తలని పట్టుకున్నది నేనేగా. కానీ మా ఇంట్లో నేలంతా సూదులూ కత్తెరలే కదండీ. వాడిని కింద వదిలితే ఏది నోట్లో పెట్టుకుంటాడో. చూడ్డానికి నాకెవరున్నారు చెప్పండి? తలుపు వేసే ఉంచుతానండి.”

ఆమె చెప్పింది అబద్ధం కాదు. సూదులు నిజమే, ఎవరు లేరన్నది నిజమే. మా ఆయన తల వంచుకొని వచ్చిండు. నన్ను పోయి అడుగుమన్నడు. నేను పోలె. నా బిడ్డ రక్తంతోని తడిసిన ఆ కొంగు యాదికొస్తే ఆమె గడపల నిలబడి నోరు చేయనీకి నాకు కాళ్లు రాలె.

డెబ్బై నాలుగు, ఉగాది ఎనుక

మొన్న మంగళవారం ముచ్చట ఇది. జయకు మందు తాగించి అరుగు మీద కూసున్న. కృష్ణవేణక్క తలుపు తీసే ఉన్నది. ఎండలు మల్ల మొదలైనయ్ గదా, ఆ రూముల్ల తలుపు మూసుకొని ఎవరుంటరు! లోపట బాబ్జీ ఈ గోడ సంది ఆ గోడకు జారుతున్నడు. వాని కాలివేళ్ల కొసలు నేలకు తాకుతున్నయ్, అంతే.

నాకు ఏం పుట్టిందో, జయను సంకనేసుకొని లోపటికి పోయిన. ఆమె గుండీలు ఒళ్లె పోసుకొని కూసున్నది. “రా సుగుణా” అన్నది. నేను కూసోలె. నా బిడ్డను ఆమె ముందట నేల మీద బోర్ల పండబెట్టిన.

“నేనేం మాట్లాడనక్కా. కొట్లాడను. నువ్వు ఊకె చూడు. రోజు నేను చూసేది నువ్వు ఒక్కసారి చూడు.”

నా బిడ్డ మొఖం నేలకు కొట్టుకొని ఏడుస్తదని నాకు ఎరుక. పాడు మనసు, ఆ ఏడుపు ఆమెకు చూపెట్టాలనే పోయిన.

జయ ఏడ్వలె. తల ఎత్తింది. బాబ్జీ ఆ పక్కకు జారితే ఆ పక్కకు చూసింది, ఈ పక్కకు జారితే ఈ పక్కకు చూసింది. చూసుకుంట చూసుకుంట ఎడమ చెయ్యి ముందుకు ఏసింది.  నడుము లేచింది. కుడి మోచెయ్యి నేలకు రాసుకుంట ఎనుక వచ్చింది. మల్ల ఎడమ చెయ్యి. ఒక పక్కకు ఒరిగింది, పడ్డది, గవ్వ లెక్క ముడుచుకొని ఉన్న ఆ కుడి చెయ్యిని కూడ గుంజుకుంట మల్ల లేచింది.

“సుగుణా! పాకుతోందే! చూడవే, పాకుతోంది!” కృష్ణవేణక్క గుండీలన్ని ఒళ్లె నుంచి పారబోసుకొని లేచింది. ఏడుస్తున్నది, నవ్వుతున్నది. “మల్లేశం గారూ! త్వరగా రండి!” అని గోడ మీద గుద్దుతున్నది.

ఇన్ని నెలల సంది దేని కోసం మేం కండ్లు కాయలు కాసేటట్టు చూసినమో అది నా ముందటనే అయితుంటే నా కండ్లు జయ మీద నుంచి ఆ వాకరు మీదికి పోయినయ్. చెంచాకు రాలె, గిలక్కాయకు రాలె, నేను పిలిస్తే రాలె. దేనికి వచ్చిందో నాకు అప్పటికే అర్థమైతున్నది.

జయ వాకరు దాంక పోయింది. ఎడమ చేత్తోని ఇనుప రింగు పట్టుకున్నది. కృష్ణవేణక్క బాబ్జీని అండ్ల నుంచి తీసి నేల మీద కూసోబెట్టింది. సీటు ఖాళీ అయింది. మా ఆయన ఉరికొచ్చి గడపల నిలబడ్డడు.

అప్పుడు నా బిడ్డ నా దిక్కు తిరిగి నవ్వింది. రింగు ఇడిసి, పని చేసే ఆ ఒక్క చెయ్యి నాకు చాపింది. ఎత్తుకొమ్మని కాదు. అండ్ల కూసోబెట్టమని.